కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు - ఆయన కూర్చిన మండలి

గ్రామమున గ్రంథాలయము వెలయవలెనన్న ఇల్లు కావలెను, బీరువాలు కావలెను, నెలనెల కొంత ధనము కావలెను. ఇవి యన్నియు సమకూడినను, బీరువాలలో నుంచుటకు తగిన పుస్తకములు లేనిచో ఆ యిల్లు దేవుడు లేని గుడి వంటిదగును. ఇరువదవ శతాబ్దము ప్రారంభమైననాడు తెలుగుదేశపు స్థితి ఇంచుమించుగ నట్లే యుండెను. కావ్యములకు, పురాణములకు, శతకములకు కొదువ లేదు. కాని నీరు ఏ వాయువుల కలయికచే నేర్పడినది, కలరా ఏల వ్యాపించుచున్నది, తన పూర్వు లెవరు, ఇతర దేశములవారు స్వేచ్ఛ నెట్లు సంపాదించుకొనిరి అను విషయములను తెలుగు మాత్రమే నేర్చిన రైతునకు గాని గృహిణికి గాని తెలియజెప్పు పుస్తకములు మిక్కిలి అరుదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి వంటి ఒకరిద్దరు మహనీయులు ఒంటరిగ కొంత కృషి చేసియుండిరి. ఒంటరివారి కృషితో తీరెడు లోటు కాదది. పలువురిని చేర్చి, ఎవరికి తగిన పనిని వారికప్పగించి, చిన్న సంస్థ నొకదానిని నడపి ఆ లోటును తీర్పబూనిన పురుషుడు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే 18వ తేదీన నాటి కృష్ణామండలములోని పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. పసితనముననే తండ్రిని గోల్పోయిరి. భువనగిరిలో కొంతకాలము చదివిన పిమ్మట, అక్కగారైన భండారు అచ్చమాంబగారి యింట నాగపురమున పెరిగిరి. బావగారు మాధవరావుగా రచట ప్రభుత్వోద్యోగి. పరప్రాంతమగుటచే మహారాష్ట్రభాష లక్ష్మణరావుగారికి మాతృభాష వలెనే అలవడెను. సంస్కృతాంగ్లములు కూడ నేర్చి, ఎం. ఏ. పట్టమును పొందిరి. మహారాష్ట్రులు తమ భాషలో చరిత్రమును, శాస్త్రములను వ్రాసికొనుచున్న విధమును కన్నులార చూచినందున, తెలుగువారి వెనుకబాటు ఆయన మనస్సున ముల్లువలె నాటుకొనెను. శివాజీ చరిత్రమును తెలుగున రచించుట ఆ బాధకు తొలి ఫలము.

ఆయన తొలి సహాధ్యాయి అక్కగారే. అచ్చమాంబగారు బడికి పోయి చదివినవారు కారు. తమ్ముడు చదువుకొనునప్పుడు ప్రక్కన గూర్చుండి అక్షరములు నేర్చి, భాషలు నేర్చి, తుదకు అబలా సచ్చరిత్ర రత్నమాల యను గ్రంథమును రచించిన విదుషీమణి. 1905వ సంవత్సరమున ఆమె అకాలమరణము నొందిరి. అవకాశము కల్పించి తోడు నిలిచినచో పట్టము లేనివారును పండితులు కాగలరన్న సత్యమునకు లక్ష్మణరావుగారి యింటనే ఇట్టి నిదర్శన ముండెను. తరువాతి కాలమున ఆయన సహాయకులను ఏరికొన్న తీరు పరిశీలించువారికి ఈ విషయము జ్ఞాపకమునకు రాక మానదు.

లక్ష్మణరావుగారు మునగాల సంస్థానమున దివానుగా చేరిరి. మునగాల పరగణా కృష్ణామండలమునకు చెందినదయ్యు, నలుదెసల నైజాము రాజ్యముచే చుట్టబడి ద్వీపమువలె నుండెడిది. ప్రభువు రాజా నాయని వేంకటరంగారావు బహద్దరువారు విద్యాపక్షపాతి. దివానుగిరి యనగా సర్వము తానే చేయుట కాదు. లెక్కలు వ్రాయువానిచే లెక్కలు వ్రాయించి, న్యాయస్థాన వ్యవహారమెరిగినవానిచే ఆ వ్యవహారము నడిపించి, అందరి పనిని ఒక్కచోట ముడివేయుట. పండితుడైన లక్ష్మణరావుగారికి ఈ కార్యభారము గొప్ప పాఠశాల యయ్యెను.

1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. రావిచెట్టు రంగారావుగారి గృహమున, మునగాల రాజావారి ప్రోత్సాహముతో, లక్ష్మణరావుగారి పూనికతో ఆ గ్రంథాలయము వెలసినది. తెలుగునకు రాజాదరణము లేని నగరమున తెలుగు గ్రంథాలయమును నిలుపుట సామాన్యమైన పని గాదు. 1904వ సంవత్సరమున హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము కూడ వెలసెను. నిలయములు వెలసిన కొలది పుస్తకముల కొరత స్పష్టమయ్యెను. పాఠకుడు వచ్చి క్రొత్త విషయమును తెలుపు పుస్తక మడిగినచో చేతికిచ్చుట కేమున్నది? గ్రంథాలయోద్యమమునకు గ్రంథరచనోద్యమము తోడు గావలెనన్న నిశ్చయము ఈ యనుభవము నుండియే పుట్టినది.

ఆ నిశ్చయముతో 1906వ సంవత్సరమున హైదరాబాదునందే విజ్ఞానచంద్రికా గ్రంథమండలి యేర్పడెను. లక్ష్మణరావుగారితో బాటు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు అందు ముఖ్యులు. ఈ కూర్పును గమనింపవలెను. నలుగురును నాలుగు విధములవారు. రంగారావుగారు హైదరాబాదున ఇల్లు, పలుకుబడి, ఔదార్యము గలవారు. కాళేశ్వరరావుగారు బెజవాడ న్యాయవాది, లోకవ్యవహారమెరిగినవారు. హరిసర్వోత్తమరావుగారు కర్నూలున బుట్టి చెన్నపురిలో ఎం. ఏ. పట్టమందిన యువకుడు, వాడియైన కలము గలవారు. లక్ష్మణరావుగారు సంపాదకులు. ఒకే రకపు పండితులు నలుగురు చేరియుండినచో సభలు జరిగియుండును గాని పుస్తకములు బయటికి వచ్చియుండవు. ఒకరికి లేనిది మరియొకరికి ఉండుట ఆ మండలికి తొలి బలము.

మొదటి పుస్తకముగ హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము 1907వ సంవత్సరమున వెలువడినది. పేదయింట బుట్టి దేశాధిపతియై బానిసల విముక్తికి కారకుడైన మహాపురుషుని కథ తెలుగువారి చేతి కందెను. ఇరువదినాలుగేండ్ల యువకునకు మండలి కీర్తి నంతయు నిలుపవలసిన తొలి గ్రంథము నప్పగించుటకు సాహసము కావలెను. దానికి లక్ష్మణరావుగారు తామే పీఠిక వ్రాసి, యువరచయిత వెనుక నిలిచిరి.

ఆ పిమ్మట శాస్త్రగ్రంథముల వంతు వచ్చెను. ఇచట చిక్కు మిక్కిలి గడ్డుది. ఆంగ్లమున శాస్త్రము చదివినవారు తెలుగున రెండు వాక్యములు సరిగ వ్రాయజాలరు. తెలుగు వ్రాయ సమర్థులైన పండితులకు శాస్త్రము తెలియదు. ఇరువురిలో నెవరిని పిలువవలెను? మండలి ప్రచురణల పట్టికను చూచినచో లక్ష్మణరావుగారి సమాధానము తెలియును. జీవశాస్త్రమునకు వైద్యుడైన ఆచంట లక్ష్మీపతిగారు, రసాయనశాస్త్రమునకు వేమూరి విశ్వనాథశర్మగారు, పదార్థవిజ్ఞానమునకు మంత్రిప్రగడ సాంబశివరావుగారు, అర్థశాస్త్రమునకు కట్టమంచి రామలింగారెడ్డిగారు రచయితలైరి. విషయము నెరిగినవానిని ముందు పట్టుకొనవలెను, భాషను సంపాదకుడు సరిదిద్దగలడు. విషయమే తెలియనివానికి దానిని సంపాదకుడు నేర్పజాలడు. ఈ సూత్రము చూచుటకు చిన్నది. కాని పాండిత్యమనగా పద్యరచనయే యని లోకము భావించుచున్న ఆ కాలమున, వైద్యుని చేతికి తెలుగు కలమిచ్చి గ్రంథకర్తను చేయుట పెద్ద మార్పు.

అందువలన సంపాదకుని భారము ఇనుమడించెను. వ్రాతప్రతులను చదువుట, సంశయములను తీర్చుట, తెలుగున పేరు లేని వస్తువునకు పేరు కల్పించుట, ఒక గ్రంథమున వాడిన పారిభాషికపదము వేరొక గ్రంథమున మారిపోకుండ చూచుట, ఇవి యన్నియు ఆ భారములోనివే. లక్ష్మణరావుగారు దానిని మోయుచునే తామును హిందూమహాయుగము మున్నగు చరిత్రగ్రంథములను రచించిరి. ఇతరులచే పని చేయించువాడు తానును పని చేయువాడైనప్పుడే ఆ సంస్థకు క్రమము, గౌరవము కలుగును.

చరిత్రరచన విషయమునను ఆయన యెన్నిక యిట్టిదే. ఆంధ్రులకు సమగ్రమైన దేశచరిత్రము లేదన్న కొరతను తీర్చుటకు పత్రికారంగమున పనిచేసిన చిలుకూరి వీరభద్రరావుగారు పూనుకొనిరి. విశ్వవిద్యాలయ పట్టములు వారికి లేవు. శాసనములను, గ్రంథములను ఓపికతో గాలించు శ్రద్ధ యున్నది. ఆ శ్రద్ధనే అర్హతగ గ్రహించి మండలి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగమును 1910వ సంవత్సరమున ప్రకటించినది. 1912లో రెండవ భాగము, 1916లో మూడవ భాగము వెలువడినవి. తరువాతి పరిశోధనలచే అందలి కొన్ని నిర్ణయములు మారినను, ఆంధ్రజాతికి తన చరిత్రయందు ఆసక్తి కలిగించిన గ్రంథములలో దానిది ప్రథమగణ్యమైన స్థానము.

తెలిసినవారిని పిలుచుట యొక్కటే చాలదు. తెలియనివారిలో సమర్థులుందురు. వారిని కనుగొనుటకు మండలి నవలల పోటీలను నడిపెను. ఏ యూరివాడైనను, ఏ పరిచయము లేనివాడైనను తన రచనను పంపవచ్చును. ఆ రోజులలో మండలి వెలువరించిన చారిత్రక నవలలలో కేతవరపు వేంకటశాస్త్రిగారి రాయచూరు యుద్ధము, భోగరాజు నారాయణమూర్తిగారి విమలాదేవి, దుగ్గిరాల రాఘవచంద్రయ్యగారి విజయనగర సామ్రాజ్యము పేరెన్నికగన్నవి. సిఫారసు లేనివానికి వాకిలి తెరచి యుంచుట వలన మండలికి క్రొత్త కలములు లభించెను, పాఠకులకు క్రొత్త పుస్తకములు లభించెను.

మండలి వ్యాపారపద్ధతియు సరళమైనది. చందాదారులను ముందుగ చేర్చుకొని, వారికి పుస్తకములను తగ్గింపు వెల కొసగుచుండిరి. ఎన్ని ప్రతులు చెల్లునో ముందే కొంత తెలియుటచే నష్టభయము తగ్గును. చందాదారుడు తాను కొనువాడు మాత్రమే కాక కార్యమున భాగస్వామి ననుకొనును. పల్లెలలోని ఉపాధ్యాయులు, కరణములు, విద్యార్థులు చందాలు గట్టి పుస్తకములు తెప్పించుకొనిరి. ఆ పుస్తకములే పిమ్మట అనేక గ్రామ గ్రంథాలయములకు తొలి నిధులైనవి. ముద్రణసౌకర్యము నిమిత్తమును, విస్తృతమైన ప్రచారము నిమిత్తమును 1908వ సంవత్సరమున మండలి కార్యస్థానము చెన్నపురికి మారినది.

ఆ సంవత్సరమే మండలికి పెద్ద దెబ్బ తగిలెను. హరిసర్వోత్తమరావుగారు అంతకు పూర్వమే వందేమాతరోద్యమ సందర్భమున రాజమహేంద్రవరపు ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నుండి బహిష్కృతులై యుండిరి. 1908లో బెజవాడ నుండి వెలువడిన స్వరాజ్య పత్రికలో ప్రభుత్వమును నిందించెడు వ్యాసము ప్రకటించినందులకు రాజద్రోహనేరము క్రింద కారాగారమునకు పంపబడిరి. మొదట విధించిన ఆరు నెలల శిక్ష, పై న్యాయస్థానమున మూడేండ్లకు పెంచబడెను. ఆ దినములలో రాజద్రోహియన్న ముద్ర పడినవాని నీడ సోకుటకే ఉద్యోగస్థులు, వర్తకులు భయపడుచుండిరి. అట్టివానికి పని యిచ్చు సంస్థ ప్రభుత్వపు కంటబడును, పోలీసుల నిఘాకు లోనగును. లక్ష్మణరావుగారు ఒక జమీందారుని దివాను. తన స్థానమునకే ముప్పు వచ్చు నవకాశము లేకపోలేదు. ఐనను హరిసర్వోత్తమరావుగారు విడుదలయై వచ్చిన పిమ్మట, మండలి పనిలోను, తదుపరి మహాకార్యమగు విజ్ఞానసర్వస్వములోను వారికి ప్రముఖస్థానము లభించెను. సామర్థ్యము చూచి చేర్చుకొన్నవానిని ఆపద చూచి విడనాడరాదన్న ధర్మము ఇందు స్పష్టము. ఒక్కనిని విడనాడిన సంస్థలో మిగిలినవారు తమ వంతు ఎన్నడు వచ్చునో యని భయముతోనే పనిచేయుదురు. నిలబెట్టుకొన్న సంస్థలో ధైర్యముతో పనిచేయుదురు.

1912-13 ప్రాంతమున లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. ఆంగ్లమునగల విజ్ఞానకోశముల వలె సమస్తవిషయములను అకారాదిక్రమమున తెలుగున వివరించుట ఆయన సంకల్పము. ఈ కార్యమునకు కుదిరిన సహాయకులను చూడుడు. రాజకీయ చైతన్యమునకు, రచనాదక్షతకు హరిసర్వోత్తమరావుగారు. వైద్యశాస్త్రమునకు ఆచంట లక్ష్మీపతిగారు. భాషాసాహిత్యములకు రాయప్రోలు సుబ్బారావుగారు. చరిత్రకు మల్లంపల్లి సోమశేఖరశర్మగారు. వీరిలో సుబ్బారావుగారును, శర్మగారును ఇరువదియేండ్లు దాటిన యువకులు. శర్మగారికి పట్టములు లేవు. వారియందు గల జిజ్ఞాసయే వారి యోగ్యతాపత్రము. పేరుగాంచిన వృద్ధపండితులను కొలువుదీర్చుటకు బదులు, ఎదుగనున్నవారిని పనిలో నిలిపి ఎదుగనిచ్చుట లక్ష్మణరావుగారి పద్ధతి. ప్రధాన సంపాదకుడు స్వయముగ పెక్కు వ్యాసములు వ్రాయుచు, మూలగ్రంథములు తిరుగవేయుచు నుండగా, ప్రక్కన కూర్చున్న యువకులకు అంతకు మించిన శిక్షణ మేమి కావలెను?

1915వ సంవత్సరము మొదలుకొని విజ్ఞానసర్వస్వ సంపుటములు వెలువడసాగెను. మూడు సంపుటములైన పిమ్మట పని యాగిపోయినది. అప్పటికి అకారాది వర్ణములలో తొలి యక్షరములే గడచియుండెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ముద్రణసామగ్రి ప్రియమయ్యెను. ధనము చాలలేదు. లక్ష్మణరావుగారి ఆరోగ్యమును చెడినది. ఈ కారణములతో బాటు మరియొక కారణమును నిష్పక్షపాతముగ చెప్పవలెను. పని పలువురి చేతులలో నున్నను, త్రాడు కొన ఒక్కరి చేతనే యుండెను. సరిదిద్దువా డాయనే, వ్రాయువా డాయనే, ధనము కూర్చువా డాయనే. సహాయకులను ఎన్నుకొనుటలో అంత నేర్పరియైన పురుషుడు, తన స్థానమున నిలిచి కార్యమును నడపగల రెండవవానిని సిద్ధపరచుకొనలేకపోయెను. కార్యము పెద్దది, కాలము చిన్నది. ఆయన గుణములను కొనియాడువారు ఈ లోపమునుండియు నేర్చుకొనవలసినది కలదు.

చెన్నపురిలోని లక్ష్మణరావుగారి గృహము పండితులకు, దేశభక్తులకు ఆశ్రయము. వీరేశలింగం పంతులుగారు 1919వ సంవత్సరము మే నెలలో ఆ యింటనే కన్నుమూసిరి. తెలుగున శాస్త్రవిషయములకు తొలుత దారితీసిన వృద్ధుడు, ఆ దారిని రాజమార్గముగ చేయబూనినవాని యింట తుదిశ్వాస విడుచుట విశేషము. నాలుగేండ్లకు, 1923వ సంవత్సరము జూలై నెలలో, నలువదియారేండ్ల ప్రాయముననే లక్ష్మణరావుగారు పరమపదించిరి.

మనిషి పోయెను. మండలి క్రమముగ సన్నగిల్లెను. కాని ఆయన కూర్చిన మనుష్యులు మిగిలిరి. ఆగిన విజ్ఞానసర్వస్వమును కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు చేపట్టి 1930ల దశకమున మరల వెలువరించిరి. హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును తమ జీవితము నంకితమొనర్చి 1960వ సంవత్సరము వరకు పాటుపడిరి. రాయప్రోలు సుబ్బారావుగారు నవ్యకవిత్వమునకు మార్గదర్శులై, ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు నాచార్యులైరి. పట్టములు లేని సోమశేఖరశర్మగారు రెడ్డిరాజ్యముల చరిత్రమును 1948వ సంవత్సరమున ఆంగ్లమున ప్రకటించి పండితలోకపు మన్నన లందుకొనిరి. కాళేశ్వరరావుగారు 1956వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ప్రథమ సభాపతులైరి. స్వాతంత్ర్యానంతరము తెలుగు భాషాసమితి అకారాదిక్రమమును విడిచి, విషయానుసారముగ విజ్ఞానసర్వస్వ సంపుటములను ప్రకటించినది. మూడు సంపుటములతో నిలిచిన గ్రంథము అసంపూర్ణమే. కాని ఆ గ్రంథము కొరకు కూడినవారి సేవ అర్ధశతాబ్దము సాగినది.

గ్రామమున గ్రంథాలయము నడపువారికి, చిన్న అంగడి పెట్టువారికి, సహకారసంఘము నెలకొల్పువారికి ఈ జీవితమున గ్రహింపదగిన సారము కలదు. తన వంటివానినే వెదకక, తనకు లేని గుణము గలవానిని చేర్చుకొనవలెను. పట్టము కంటె పనియందలి శ్రద్ధను చూడవలెను. తెలియనివానికి వాకిలి మూయరాదు. కష్టకాలమున తోటివాని చేయి విడువరాదు. తన తరువాత దీపము పట్టువానిని తానుండగనే సిద్ధపరుపవలెను. మొదటి నాలుగు లక్ష్మణరావుగారు చేసి చూపినవి. అయిదవది ఆయనకు కాలము చాలక మిగిలిపోయినది. పల్లెటూరి గ్రంథాలయములలో మండలి ముద్రించిన పాతపుస్తక మేదైన చేతికి తగిలినపుడు, అట్టపై నున్న ఒక్క రచయిత పేరును మాత్రమే గాక, ఆ పేరు నచటికి చేర్చిన కొమఱ్ఱాజువారిని గూడ పాఠకుడు స్మరించుట ధర్మము.